పనసగుడ గేటు

జూన్ 3

మొదటి వాక్యం గొప్పగా ఉండాలని రెండు రోజులు ఆగాను. రాలేదు. జరిగింది రాస్తాను.

డిగ్రీ మొదటి సంవత్సరం అయిపోయింది. సెలవుల్లో ప్రతి ఒక్కరూ సొంత ఊళ్ళో ఏదో ఒక సేవా ప్రాజెక్టు చేయాలి. మా క్లాసు సౌజన్యకి తాగునీరు వచ్చింది. నాకు రైలు గేటు వచ్చింది. 'లెవెల్ క్రాసింగుల వద్ద భద్రత పెంపు' అని శివప్రసాద్ సార్ బోర్డు మీద రాసి, "రాజకుమారీ, మీ పనసగుడని ఆనుకునే కదా పట్టాలు. నీకు మాటలంటే ఇష్టం కూడా. నినాదాలు బాగా రాయి" అన్నారు.

మా గేటు కిందటి నెలలోనే శాశ్వతంగా మూసేశారు సార్ అని చెప్పాను.

"మరీ మంచిది. భద్రత పెరిగిందన్నమాట. ఎంత పెరిగిందో రాయి" అన్నారు.

జూన్ 4

ఎంత పెరిగిందో చూడ్డానికి పొద్దున్నే వెళ్ళాను.

గేటు కర్ర తీసేశారు. గేటుమేన్ గదికి తాళం. రోడ్డుకి రెండు వైపులా పాత పట్టా ముక్కలు నిలువుగా పాతారు. వాటి మధ్యలోంచి మేక దూరుతుంది. మనిషి దూరతాడు. నెత్తిన మూట ఉన్న మనిషి కొంచెం పక్కకి తిరిగితే దూరతాడు.

పక్కనే పట్టాల కింద నుంచి కొత్త దారి తవ్వారు. సిమెంటు పెట్టెలా ఉంటుంది. కాయితాల్లో సబ్‌వే. మా ఊళ్ళో బొర్ర. జీపులూ ఆటోలూ బొర్రలోంచి వెళ్తున్నాయి, పట్టా ముక్కల మధ్య పట్టవు కాబట్టి. పట్టేవాళ్ళంతా పైనుంచే వెళ్తున్నారు. ఇదివరకు గేటు పడితే ఆగేవారు. ఇప్పుడు ఆపేది లేదు కాబట్టి ఆగడం లేదు.

భద్రత ఎంత పెరిగిందో ఇంకా రాయలేదు.

జూన్ 5

అందరూ బొర్ర వదిలేసి పైనుంచే ఎందుకు వెళ్తున్నారని నానమ్మని అడిగాను. ఊళ్ళో ఆడవాళ్ళకి ఏ సందేహం వచ్చినా కనక దగ్గరికే, అంటే మా నానమ్మ దగ్గరికే వస్తారు. నేను ఇంట్లోనే ఉంటాను కాబట్టి ఎప్పుడూ అడగలేదు.

"తొంగున్న మనిషిని ఇంకో మనిషి దాటితే ఏటవుతాది?" అంది.

"ఎదగరు."

"మనిషి దాటితేనే ఎదగరు. రైలు దాటితే?"

నాకు తెలిసిన సంగతే. దాటినవాళ్ళే వెనక్కి దాటితే దోషం పోతుంది. చిన్నప్పుడు నేను పడుకుని ఉంటే అన్నియ్య నన్ను దాటి పారిపోయాడు. నానమ్మ వాడిని వీధి చివర్నుంచి చెవి పట్టుకుని తెచ్చి తిరిగి దాటించింది. నేను ఈపాటి ఎత్తు ఉన్నానంటే ఆవిడ చలవే.

బొర్ర ప్రారంభం రోజున ఏం జరిగిందో కూడా చెప్పింది. రైల్వే ఆఫీసర్లు రిబ్బను కత్తిరించి లోపల నిలబడి ఫోటో దిగుతుంటే, పైనుంచి సరుకు బండి వెళ్ళింది. మొత్తం బండి వెళ్ళేదాకా వాళ్ళు నవ్వుతూనే ఉన్నారట.

"అందర్నీ దాటీసింది. ఆళ్ళింక ఎదగరు" అంది నానమ్మ.

"వాళ్ళకి యాభై ఏళ్ళుంటాయి నానమ్మా. ఎదగడం ఎప్పుడో అయిపోయింది."

"ఉద్యోగంలో ఎదగరు."

ఊళ్ళో సగం మంది ఈ నమ్మకంతో పైనుంచి వెళ్తున్నారు. మిగతా సగం దగ్గరి దారని వెళ్తున్నారు. ఎవరినడిగినా నమ్మకం అనే చెప్తున్నారు.

జూన్ 6

ప్రసన్న వదినకి ఏడో నెల.

అంగన్‌వాడీ పట్టాలకి అవతల. ఆస్పత్రి అవతల. 108 రావాలంటే అవతల నుంచే రావాలి. వదిన రోజూ గుడ్డూ పాలూ కోసం అంగన్‌వాడీకి పైనుంచే వెళ్తోంది. కడుపులో బిడ్డని రైలు దాటకూడదు కదా.

రెండేళ్ళ కిందట ఆరో నెలలో ఒకసారి కడుపు పోయింది. ఆ మాట ఇంట్లో ఎవరూ అనరు. నానమ్మ మాత్రం వదిన పడుకుంటే కాపలా కూర్చుంటుంది. మా ఇంట్లో కోడి కూడా వదిన చుట్టూ తిరిగి వెళ్ళాలి.

"చదువుకున్నావు కదా వదినా, నువ్వూ నమ్ముతున్నావా?" అన్నాను.

"టెన్త్ దాకా సదివినాను రాజీ. కిందటిసారి అందరూ ఏదో ఒకటి సెప్పినారు. నాను నవ్వినాను. ఈసారి ఎవలు ఏటి సెప్పినా నవ్వను."

ప్రాజెక్టుకి మంచి ఉదాహరణ. అందుకే రాసుకున్నాను.

జూన్ 9

నిఘంటువులో 'ప్రమాదం' చూశాను. మొదటి అర్థం ఏమరుపాటు. ఆపద అన్నది తరవాతట. అంటే అప్రమత్తంగా ఉండటమంటే ప్రమాదం లేకుండా ఉండటమే. ఈ సంగతి ఇన్నాళ్ళూ నాకెవరూ చెప్పలేదు. రాత్రి వదినకి చెప్పాను. అన్నం తింటూ విని, "బాగుంది" అంది. అన్నం గురించో మాట గురించో తెలియలేదు.

నినాదం: 'ఏమరుపాటే ప్రమాదం. పట్టాలెక్కకు, ప్రాణం తియ్యకు.' రెండో ముక్క ఎవరి ప్రాణమో స్పష్టంగా లేదు. కొట్టేశాను.

జూన్ 11

గేటు దగ్గర రేకు బోర్డు పెట్టాను. తెల్ల రంగు మీద ఎర్ర అక్షరాలు. 'ఏమరుపాటు తగదు.' రెండే మాటలు. సంక్షిప్తత ఒక గుణం.

అరకులో టూరిస్టుల జీపు నడిపే మా అన్నియ్య రవిబాబు సాయంత్రం వచ్చి చూశాడు.

"ఏమరుపాటంటే ఏటే గుంటా?"

"ఒళ్ళు మరిచి ఉండటం."

"మరలాగే రాయొచ్చు కదేటి."

వాడికి భాషలో రుచి లేదు.

జూన్ 14

బోర్డుకి మేకలు ఒళ్ళు రుద్దుకుంటున్నాయి. వేరే స్పందన లేదు.

పాత గేటుమేన్ అప్పలస్వామి గారు మంచం తీసుకెళ్ళడానికి వచ్చారు. బొబ్బిలి వైపు మనిషి. ఇప్పుడు వేరే చోట వేశారట. ప్రాజెక్టు కోసం నాలుగు మాటలు చెప్పమన్నాను.

"ఏటి సెప్పమంటావమ్మా. గేటేసినపుడల్లా నన్ను తిట్టీవోరు. మొత్తానికి మూసీసినపుడు ఒక్కడు తిట్టలేదు."

"భద్రత గురించి చెప్పండి."

"అదే సెప్తన్నాను. నన్ను తిట్టడానికైనా ఆగీవోరు కదా."

మంచం నెత్తిన పెట్టుకుని పట్టా ముక్కల దగ్గరికి వెళ్ళారు. మంచం పట్టలేదు. కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, దిగి బొర్రలోంచి వెళ్ళారు.

జూన్ 15

వాన.

జూన్ 20

నానమ్మతో తర్కించాను. ఊహించని చోట ఓడిపోయాను.

"పొద్దున పైకెళ్ళిన పాసింజరు మళ్ళీ కిందకి వస్తుంది కదా నానమ్మా. దాటిన రైలే వెనక్కి దాటినట్టే కదా."

"అది ఎనక్కొచ్చినపుడు నువ్వు దాని కింద ఉంటావేటి?"

"ఉండను."

"మరి ఎవుల్ని దాటినట్టు?"

జూన్ 24

ఈరోజు రాయను.

జూన్ 25

ఈరోజు కూడా. బోర్డుకి రెండో పూత వేయాలి.

జూన్ 27

ఇరవై నాలుగున జరిగింది రాస్తాను. ప్రాజెక్టుకి అవసరం.

మబ్బు కిందకి దిగి ఉంది. నేను బోర్డు దగ్గర ఉన్నాను. వానకి 'ఏమరుపాటు'లో 'రు' చెదిరిపోతే దిద్దుతున్నాను. వెనకనుంచి వదిన, "ఎల్తన్నాను రాజీ" అంది. "ఊఁ" అన్నాను. తిరగలేదు. 'రు' కొమ్ము సరిగా రావడం లేదు.

హారన్ వినిపించేసరికి వదిన పట్టాల మధ్యలో ఉంది. కరెంటు ఇంజను దిగువకి వస్తుంటే చప్పుడు ముందుగా రాదు, బండే వస్తుంది. వదిన పరిగెత్తింది. కంకర మీద చెప్పు జారింది. ముందుకి పడింది.

అప్పుడు బండి మా ఇద్దరికీ మధ్య వచ్చింది. ఇనుపరాయి బండి. అది ఎంత పొడుగుంటుందో నేను పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాను, ఎప్పుడూ ఆలోచించలేదు. మొత్తం వెళ్ళేదాకా అవతల ఏముందో నాకు తెలియదు.

వెళ్ళాక చూస్తే వదిన కంకర మీద కూర్చుని ఉంది. మోచెయ్యి చీరుకుంది. "నా గ్లాసేది? పాలకి తెచ్చిన గ్లాసేది?" అని వెతుకుతోంది. గ్లాసు దొరికింది. సొట్ట పడింది.

అంగన్‌వాడీ టీచర్ గంగాభవాని నర్సుని పిలిపించింది. నర్సు కడుపు మీద చెవి గొట్టం పెట్టి చాలాసేపు విని, ఉంది అంది. గుండె.

'రు' కింద ఒక ఎర్ర గీత బోర్డు అంచు దాకా ఉంది. కుంచె ఎప్పుడు జారిందో గుర్తు లేదు.

నేను భయపడలేదు. రెండు రోజులు తీరిక లేక రాయలేదు.

జూలై 1

నానమ్మ తీర్పు: పట్టాల మీదికి వద్దు. బొర్రలోకీ వద్దు. వదిన ఇల్లు కదలదు.

అన్నియ్య, "మరి పురుటికి?" అన్నాడు.

"నాను నలుగుర్ని కన్నాను. ఏ బొర్రలోంచీ ఎల్లలేదు."

నలుగురిలో మిగిలింది మా నాన్న ఒక్కడే. ఆయనా ఇప్పుడు లేడు. అన్నియ్య ఆ లెక్క చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

జూలై 3

గంగాభవాని ఇంటికే వచ్చి అరిచింది. "కిందటిసారి కడుపు పోయిన మనిషి. నెత్తురు తక్కువుంది. ఆస్పత్రిలోనే కనాలి. ఇంట్లో ఉంచీస్తారేటి?"

నానమ్మ రాగులు చెరుగుతూనే ఉంది. "108 బొర్రలోంచి వొస్తాది కదా."

"మరెలాగొస్తాది? ఎగిరొస్తాదేటి?"

"దాని మీదనుంచి రైలు పోతే?"

గంగాభవాని నావైపు చూసింది. నాకు ఆ సమయంలో ఒక్క మంచి మాట కూడా తట్టలేదు.

జూలై 4

తట్టింది. మంచి మాట కాదు, మామూలు మాట.

"నానమ్మా, రైలు లేనప్పుడు బొర్రలోంచి వెళ్తే?"

చేట ఆగింది.

"పైన రైలు లేకపోతే దాటేది ఎవరు? రైలు రావడం లేదని చూసుకుని, అప్పుడు బొర్రలోకి దిగితే సరిపోతుంది కదా."

"సూసుకోడం ఎలాగ?"

"గేటు దగ్గర ఎలా చూసుకోవాలో అలాగే. ఆగి, రెండు పక్కలా చూసి, విని."

నానమ్మ మళ్ళీ చెరగడం మొదలుపెట్టింది. రెండు రోజులు ఆలోచిస్తానంది.

జూలై 7

నానమ్మ ఒప్పుకుంది. షరతు: ఆవిడ కూడా వస్తుంది.

పద్ధతి ఇదీ. వదిన బొర్ర నోటి దగ్గర నిలబడుతుంది. నానమ్మ సిమెంటు గోడకి అరచెయ్యి ఆనిస్తుంది. బండి కనబడక ముందే గోడ వణుకుతుందట. నేను కూడా ఆనించాను. నిజమే. వణుకు లేకపోతే "బేగి, బేగి" అంటుంది. వదిన గ్లాసుతో అవతలికి వెళ్తుంది.

ఎక్కడ ఆగి చూడాలో అక్కడ ఎవరూ ఆగలేదు. ఎక్కడ ఆగక్కర్లేదో అక్కడ ఆగుతున్నాం. అయినా వదిన పట్టాలెక్కడం లేదు.

రాత్రి నిఘంటువులో 'ప్రకంపన' చూశాను. చూసి మూసేశాను. వణుకే బాగుంది.

జూలై 16

కాలేజీ తెరిచారు. రిపోర్టుకి ఇంకా గడువు ఉంది. నమ్మకం ఉన్న సగం మంది నానమ్మ చేత గోడ చూపించుకుని బొర్రలోంచి వెళ్తున్నారు. దగ్గరి దారి సగం మంది పైనుంచే వెళ్తున్నారు. నానమ్మ ఉండేది వదిన వెళ్ళివచ్చేదాకానే. తరవాత అందరూ పైనుంచే.

ఆగస్టు 14

ఆస్పత్రిలో రాస్తున్నాను. అరచేతిలో అంకెలు ఉన్నాయి, అందుకని ఎడమచెయ్యి కడుక్కోలేదు.

పొద్దున నొప్పులు మొదలయ్యాయి. 108 బొర్రలోంచి ఊళ్ళోకి వచ్చింది. అప్పుడు పైన ఏమీ లేదు. వదినని ఎక్కించాం. నానమ్మ, నేను ఎక్కాం. అన్నియ్య ముందు కూర్చున్నాడు. బొర్ర దగ్గరికి రాగానే నానమ్మ ఆపమంది. దిగింది. గోడ మీద చెయ్యి పెట్టింది.

పెట్టక్కర్లేదు. దిగువకి వెళ్ళే బండి ఇంజను సరిగ్గా బొర్ర మీదే నిలబడి ఉంది. ఎదర సిగ్నలు ఎరుపు.

"దిగిపోనారేటి మామ్మా? ఎక్కండి!" అన్నాడు డ్రైవరు.

"ఉండు బాబూ. పైన రైలుంది."

"ఉంటే మనకేటి? పైన రైలున్నా కిందనుంచి ఎల్లడానికే కదా ఇది కట్టినారు!"

"అదే కదా భయం."

డ్రైవరు అన్నియ్య వైపు తిరిగాడు. అన్నియ్య అద్దంలోంచి వెనక్కి చూశాడు. వదిన రెండు చేతులతో మంచం కమ్మీ పట్టుకుని ఉంది. కళ్ళు నానమ్మ మీదే ఉన్నాయి.

"ఎప్పుడు కదుల్తాది?" అంది నానమ్మ.

"సిగ్నలు పడితే. ఒకోపాలి గంటైనా అవుద్ది. ఆయమ్మకి గంట లేదు."

నేను నోరు తెరిచాను. నాకు చాలా మాటలు వచ్చు. ఏదీ రాలేదు.

వదిన అప్పుడు ఒక్కసారి అరిచింది. కిందటిసారి అరిచినట్టే.

నానమ్మ ఇంజను వైపు చూసింది, దానితో మాట్లాడుతున్నట్టు. "నిలబడింది. నిలబడితే దాటినట్టు కాదు. ఇంటి సూరు కింద కూకోమేటి? అలాగే." తరవాత ఎక్కి తలుపు వేసింది. "పోనీ బాబూ. బేగి."

బొర్ర మధ్యలో ఉండగా హారన్ మోగింది. తల మీద ఒక్కొక్క చక్రమూ కదిలింది. గోడలన్నీ వణికాయి. వదిన నా చెయ్యి పట్టుకుంది.

బయటికి రాగానే నానమ్మ, "నంబరు సూడు" అంది.

వెనక అద్దంలోంచి ఇంజను ముఖం మీది అంకెలు కనబడినంతసేపు చూశాను. అరచేతిలో రాసుకున్నాను.

ఆడపిల్ల. బరువు కొంచెం తక్కువ. ఇద్దరూ బాగున్నారు.

నానమ్మ బిడ్డని తల నుంచి కాళ్ళ దాకా జానలతో కొలిచింది. తరవాత, "ఆ ఇంజను ఎనక్కి రావాల" అంది.

సెప్టెంబర్ 2

నినాదాలకి తెచ్చిన ఎర్ర రంగు మిగిలింది. నానమ్మ చెప్పినట్టు బొర్ర గోడ మీద ఇంజను నంబరు రాశాను. పెద్ద అంకెలు.

పురుడు కడిగిన మర్నాటి నుంచి నానమ్మ బిడ్డని ఒళ్ళో వేసుకుని బొర్ర నోటి దగ్గర కూర్చుంటోంది. పక్కన సొరబుర్రలో అంబలి. పొద్దున వెళ్తే సాయంత్రం ఇంటికి. బిడ్డకి పాలివ్వడానికి వదినే అక్కడికి వెళ్తోంది.

నానమ్మకి చదువు రాదు. అందుకని బండి వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు నంబరు చదవాలి.

సెప్టెంబర్ 8

ఈరోజు కాలేజీ లేదు. పక్కన కూర్చుని చూశాను.

యర్రయ్య మావ సైకిలు భుజాన వేసుకుని పట్టా ముక్కల మధ్యనుంచి పైకెక్కబోయాడు.

"ఓరి యర్రయ్యా! దిగు!"

"పనుంది పిన్నీ."

"గోడ వణుకుతున్నాది. బండొస్తాది. నంబరు సదివీసి పో."

"నాకు అంకెలు సరిగ్గా రావు పిన్నీ."

"గోడ మీద రాసున్నాది కదా. అది ఇదీ ఒకలాగున్నాయా లేదా సూసి సెప్పు. బొమ్మ సూసినట్టు సూడు."

దిగాడు. బండి వచ్చింది. చూశాడు. కాదన్నాడు. తరవాత మళ్ళీ పైకెక్కడం బద్ధకమై బొర్రలోంచి వెళ్ళిపోయాడు.

బడి పిల్లలు, సంతకెళ్ళే ఆడవాళ్ళు, అందరూ ఇంతే. ఎక్కబోతే పిలుస్తుంది. పిలిస్తే దిగాలి. దిగాక ఆగాలి. ఆగాక రెండు పక్కలా చూడాలి, ఇంజను ఎటునుంచైనా రావచ్చు కాబట్టి.

నేను రాసిన వాటిలో ఊరంతా చదివింది ఆ నంబరొక్కటే. అందులో ఒక్క అక్షరం కూడా లేదు.

సెప్టెంబర్ 12

అన్నియ్య: "ఇంజన్లు దేశమంతా తిరుగుతాయి నానమ్మా. అది ఏ గుజరాత్‌లో ఉందో."

నానమ్మ: "ఎక్కడికెల్లినా పట్టాల మీదే కదా ఎల్తాది. ఆ పట్టాలే కదా ఇవి."

అన్నియ్య జీపు తాళాలు తీసుకుని బయటికి వెళ్ళాడు.

సెప్టెంబర్ 18

ప్రారంభం రోజున ఫోటో దిగిన ఆఫీసర్లలో ఒకరు తనిఖీకి వచ్చారు. బొర్ర నోటి దగ్గర పదిమంది నిలబడి రెండు పక్కలా చూస్తుండటం చూసి జీపు ఆపించారు.

"వీళ్ళంతా ఎందుకు ఆగారు?"

"రైలొస్తోంది సార్" అన్నాను.

"సబ్‌వే కదమ్మా ఇది. రైలొస్తే ఏమిటి?"

అందరూ ఆయన్ని జాలిగా చూశారు.

పైన పట్టాల మీద ఒక్క మనిషి లేడు. ఆయన అది కూడా గమనించారు. ఫోటో తీసుకున్నారు, ఈసారి బొర్ర బయట నిలబడి. నానమ్మ అడిగింది: "నీకు పెద్ద పోస్టు వొచ్చిందా బాబూ?"

"రావాలమ్మా. ఆగింది. ఎందుకో తెలియదు."

నానమ్మ నావైపు చూసింది.

సెప్టెంబర్ 25

ప్రాజెక్టు రిపోర్టు ఇచ్చాను. శివప్రసాద్ సార్ చదివారు.

"నాలుగు వారాలుగా ఎవరూ పట్టాలెక్కలేదని రాశావు. నినాదాల ప్రభావమేనా?"

"నాకు తెలిసి మేకలు మాత్రమే సార్ బోర్డు వాడుకుంటున్నాయి."

"మరి కారణం?"

చెప్పాను. మొత్తం చెప్పాను. సార్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఇది ఇలాగే రాస్తే బాగుండదు. 'స్థానిక విశ్వాసాల సమన్వయంతో' అని రాయి" అన్నారు.

సమన్వయం. మంచి మాట. ఇదివరకైతే ఆ మాట కోసమే ఒక పేజీ రాసేదాన్ని.

అక్టోబర్ 1

గంగాభవాని బిడ్డని తూచింది. బాగా పెరిగిందంది.

"లావు పెరిగింది. పొడుగు పెరగలేదు" అంది నానమ్మ. బొర్ర దగ్గర కూర్చుని కూర్చుని ఆవిడ భయం మెత్తబడిందనుకున్నాను. రాత్రి దీపం కింద బిడ్డని మళ్ళీ జానలతో కొలుస్తుంటే చూశాను. కొలిచి, వేళ్ళు అలాగే పట్టుకుని ఉండిపోయింది. కిందటిసారి పోయిన బిడ్డని కూడా ఆవిడే కొలిచిందని వదిన చెప్పింది. ఒక్క జాన కూడా లేదట.

ఆవిడకి ఇది ఆట కాదు. రాసుకుంటే గుర్తుంటుందని రాస్తున్నాను.

అక్టోబర్ 9

వచ్చింది.

కాలేజీ నుంచి బస్సు దిగి వస్తున్నాను. దిగువ నుంచి ఖాళీ వేగన్లతో బండి వస్తోంది. ముందు ఇంజను ముఖం మీద అంకెలు. గోడ చూశాను. ఇంజను చూశాను. గోడ అక్కర్లేదు, నాకు కంఠతా వచ్చు.

"అదే నానమ్మా!"

నానమ్మ లేచింది. ఆవిడ అంత వేగంగా లేవగలదని నాకు తెలియదు. బిడ్డని గుండెకి అదుముకుని బొర్ర మధ్యకి వెళ్ళి నిలబడింది. నేనూ వెనకే వెళ్ళాను. ఇంజను మా మీదనుంచి పైకి వెళ్ళింది. తరవాత బండి మొత్తం. బిడ్డ నిద్ర లేవలేదు.

చప్పుడు ఆగాక నానమ్మ గోడకి చేరగిలబడింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "పోయింది. మనకింక భయం లేదు" అంది. నాక్కూడా కళ్ళు తడిశాయి. అక్కడ దుమ్ము ఎక్కువ.

ఇంటికి వచ్చి బిడ్డని కొలిచింది. పెరిగిందట.

అక్టోబర్ 10

నానమ్మ ఇంట్లోనే ఉంది. మధ్యాహ్నం నిద్రపోయింది. పగలు నిద్రపోవడం నేనెప్పుడూ చూడలేదు.

అక్టోబర్ 12

యర్రయ్య మావ సైకిలు భుజాన వేసుకుని పైనుంచి వెళ్ళాడు. బడి పిల్లలు కూడా. ఆగమన్నాను. "వచ్చీసింది కదా ఇంజను" అన్నారు.

బోర్డు చూపించాను. చదివారు. "తగదు" అని గట్టిగా చదువుకుంటూ పరిగెత్తుకుని పట్టాలెక్కారు.

అక్టోబర్ 13

పొద్దున మబ్బు దిగింది. కాలేజీకి బయలుదేరాను. నాకు ముందు ఎవరో పట్టా ముక్కల మధ్య పక్కకి తిరిగి పైకెక్కుతున్నారు. ఒక చేతిలో సొట్ట గ్లాసు. ఇంకో చేతిలో బిడ్డ.

"వదినా!"

"బేగి ఎల్లి వొచ్చీస్తాను రాజీ. నానమ్మ లేదు కదా, గోడ ఎవలు సూస్తారు?"

కిందకి దిగమన్నాను. గట్టిగానే అన్నాను. ఆరోజు నుంచి దాచుకున్నదంతా అందులో వచ్చింది. వదిన దిగింది. నేను గోడ మీద చెయ్యి పెట్టాను. వణుకుతోంది. నా చెయ్యో గోడో తెలియలేదు. తరవాత బండి వచ్చింది కాబట్టి గోడే.

కాలేజీకి వెళ్ళలేదు.

భయపడ్డాను. జూన్ ఇరవై నాలుగున కూడా భయపడ్డాను.

అక్టోబర్ 14

రాత్రంతా వాక్యం కూర్చుకున్నాను. తెల్లవారగానే నానమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ పొయ్యి ముందు కూర్చుని ఉంది.

"నానమ్మా, ఆరోజు నంబరు చదవడంలో పొరపాటు పడ్డాను. చివరి అంకె ఆరు. నేను ఎనిమిదనుకున్నాను. అది ఆ ఇంజను కాదు."

నేను ఇంతవరకూ రాసిన వాటిలో ఇంత శ్రద్ధగా కూర్చిన వాక్యాలు లేవు.

నానమ్మ నా ముఖం చూసింది. చాలాసేపు చూసింది. జానలతో కొలిచేటప్పుడు బిడ్డని చూసినట్టు చూసింది.

"సదువుకున్నోళ్ళు అంకెలు సరిగ్గా సూడరు" అంది.

లేచింది. అంబలి పోసిన సొరబుర్ర అప్పటికే గుమ్మం పక్కన సిద్ధంగా ఉంది. దాని మీద బిడ్డ పాత దుప్పటి మడత పెట్టి ఉంది.

నేను కాలేజీకి వెళ్తుంటే బొర్ర నోటి దగ్గర నుంచి అరుపు వినిపించింది.

"ఓరి యర్రయ్యా! దిగు!"